మీ ప్రశ్న – మా జవాబు: అకౌస్టిక్ గిటార్‌కు పికప్, ప్రీఆంప్

ప్రశ్న: ఫంక్షన్ హాళ్లల్ల పాటలకు గిటార్ వాయిస్త. శాడిల్ (తీగలు ఆనే సన్న ముక్క) కింద పీజో పట్టీ (ఒత్తిడిని కరెంటు సిగ్నల్‌గ మార్చే పికప్) వేయించిన, లోపల ప్రీఆంప్ (ఆ సిగ్నల్‌ను బలపరిచేది) లేదు. మైక్‌సెట్ వాళ్ల మిక్సర్‌కు నేరుగ పెడితే రేకుడబ్బా మీద గీకినట్టు సన్నగ వస్తున్నది, మంద్రం అస్సలు లేదు. పికప్ మార్చాల్నా?
– పాఠకుడు, కరీంనగర్

జవాబు: పికప్ మార్చకండి. లోపం దానిలో లేదు, అది వెళ్లి కలిసే ఇన్‌పుట్‌లో ఉంది. పీజో చాలా బలహీనమైన మూలం. దాన్ని ఒక చిన్న కెపాసిటర్‌గానే లెక్కించాలి. మీ పట్టీ కెపాసిటెన్స్ సుమారు 1 నానోఫారడ్ అనుకుందాం. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (సిగ్నల్‌కు అది ఇచ్చే అడ్డు) మామూలుగా 10 కిలో ఓమ్‌ల దగ్గర ఉంటుంది. ఈ రెండూ కలిస్తే 16,000 హెర్ట్జ్‌కు కింద ఉన్నదంతా తగ్గుతూ పోతుంది. గిటార్ స్వరం దాదాపు మొత్తం ఆ కిందే ఉంది కదా! అందుకే మీకు గీకుడు మాత్రమే వినిపిస్తోంది. అదే పట్టీని 1 మెగా ఓమ్ ఇన్‌పుట్‌కు పెడితే ఆ హద్దు 160 హెర్ట్జ్‌కు దిగుతుంది. 10 మెగా ఓమ్‌లకు పెడితే 16కు దిగుతుంది. లావు ‘ఇ’ తీగ పలికేది 82 హెర్ట్జ్ దగ్గర కాబట్టి 1 మెగా ఓమ్‌తో పని నడుస్తుంది, 10 మెగా ఓమ్‌లతో మంద్రం నిండుగా వస్తుంది.

చాలామంది ఇక్కడ డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ను మిక్సర్‌కు సరిపడేలా మార్చే పెట్టె) కొంటారు. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాసివ్ (కరెంటు అక్కర్లేని) డీఐ మీ పట్టీకి పనికిరాదు. దాని ఇన్‌పుట్ లక్ష, లక్షన్నర ఓమ్‌ల దగ్గరే ఆగుతుంది, అంటే హద్దు ఇంకా వెయ్యి హెర్ట్జ్ పైనే ఉంటుంది. గిటార్‌లో ప్రీఆంప్ ఉన్నవాళ్లకు మాత్రం అది చక్కగా సరిపోతుంది. మీరు అకౌస్టిక్ గిటార్ కోసమే చేసిన ప్రీఆంప్ డీఐ తీసుకోండి. కొనే ముందు పెట్టె మీద నాలుగు విషయాలు చూడండి: ఇన్‌పుట్ 1 మెగా ఓమ్ లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి, నాచ్ ఫిల్టర్ (కూత పెట్టే ఒక్క స్వరాన్నే కోసేది) ఉండాలి, ఫేజ్ స్విచ్ (సిగ్నల్‌ను తలకిందులు చేసేది) ఉండాలి, ఎక్స్‌ఎల్ఆర్ (మైక్ కేబుల్‌కుండే మూడు పిన్నుల) అవుట్‌పుట్ ఉండాలి. 48 వోల్ట్ల ఫాంటమ్ (మిక్సర్ మైక్ కేబుల్ ద్వారా పంపే కరెంటు) మీద కూడా నడిచేదైతే బ్యాటరీ అయిపోయిందన్న బెంగ ఉండదు.

కేబుల్ సంగతి కూడా చూడాలి. మామూలు గిటార్ కేబుల్‌లో మీటరుకు సుమారు 100 పికోఫారడ్లు ఉంటాయి. ప్రీఆంప్ లేని పీజోకు 6 మీటర్ల కేబుల్ తగిలిస్తే శబ్దం దాదాపు 4 డెసిబెల్స్ తగ్గుతుంది. గిటార్ నుంచి ప్రీఆంప్ దాకా చిన్న కేబుల్ పెట్టండి, ప్రీఆంప్ నుంచి మిక్సర్ దాకా ఎంత పొడుగైనా ఫరవాలేదు.

ప్రశ్న: చర్చి క్వయర్‌లో నైలాన్ తీగల గిటార్ వాయిస్తాను. సౌండ్ హోల్‌లో బిగించే మాగ్నెటిక్ పికప్ కొన్నాను. ఒక్క తీగ కూడా పలకడం లేదు. పాడైనది అంటగట్టారా?
– పాఠకురాలు, కాజీపేట

జవాబు: పికప్ బాగానే ఉందండీ. అయస్కాంతం ఇనుమునే పట్టుకుంటుంది. మీ సన్న తీగలు వట్టి నైలాన్, లావు తీగలు నైలాన్ పోగుల మీద వెండిపూత రాగి తీగ చుట్టినవి. వాటిలో ఇనుము లేదు. ఇంకా రసీదు ఉంటే వాపసు ఇచ్చేయండి. మీకు శాడిల్ కింది పట్టీ గానీ, బ్రిడ్జ్ (తీగలు బిగించే చెక్క) కింద లోపలి చెక్కకు అంటించే పీజో బిళ్లలు గానీ పనిచేస్తాయి. క్వయర్ గొంతులు, ఒక కీబోర్డ్, మోస్తరు స్పీకర్లు అయితే బిళ్లలే మా ఎంపిక. చెక్క పలుకుతుంది, వేలి ఒత్తిడిలోని తేడాలన్నీ వినిపిస్తాయి. వెనక డ్రమ్స్ ఉంటే మాత్రం అవే బిళ్లలు త్వరగా కూత పెడతాయి, అప్పుడు పట్టీకి వెళ్లండి.

స్టీల్ తీగలవాళ్లకు ఒక మాట. కాంస్యం చుట్టిన తీగలో పికప్‌కు తెలిసేది లోపలి ఉక్కు పోగు మాత్రమే. చుట్టు లేని ‘బి’ తీగ అంతా ఉక్కే కావడంతో మిగతావాటి మీద అరుస్తుంది. పికప్‌లో విడి స్క్రూలు ఉంటే ‘బి’ కింది స్క్రూను దించండి.

ప్రశ్న: శాడిల్ కింద పికప్ నేనే బిగించాను. సన్న ‘ఇ’, ‘బి’ తీగలు సగం కూడా వినిపించడం లేదు. వేరే పికప్ తెప్పించాలా?
– విద్యార్థి, హనుమకొండ

జవాబు: తొందరపడకండి. ఇది నూటికి తొంభైపాళ్లు చెక్కపనిలో లోపమే. పట్టీ మీద ప్రతి తీగా ఒకే బలంతో ఒత్తాలి. ఎక్కడ సందు ఉంటే అక్కడ తీగ చచ్చిపోతుంది.

తీగలు వదులు చేసి శాడిల్ తీయండి. దాని అడుగును కిటికీ అద్దం ముక్క మీద నిలబెట్టి వెనకనుంచి సెల్‌ఫోన్ లైటు వేయండి. ఏ చివరైనా వెలుగు సందు కనిపిస్తే దొరికినట్టే. 120 నంబర్ ఎమ్రీ పేపర్‌ను అద్దం మీద పరిచి, శాడిల్‌ను నిటారుగా పట్టుకుని రుద్దండి, చివర 400 నంబర్‌తో ముగించండి. పక్కకు వాలితే అడుగు గుండ్రంగా తయారై సమస్య పెరుగుతుంది. అందుకే శాడిల్‌ను మూలమట్టంగా ఉన్న చెక్కముక్కకు ఆనించి రుద్దడం మేలు.

తర్వాత గాడి. అడుగున పాత జిగురు, రంపపు పొట్టు ఉంటే సన్నటి ఉలితో గీకి ఊదేయండి. వైరు దిగే రంధ్రం అంచు పదునుగా ఉంటే పట్టీ ఆ చివర పైకి లేస్తుంది. రంధ్రాన్ని కొంచెం ఏటవాలుగా చేసి అంచును గుండ్రం చేయండి. శాడిల్ వేళ్లతో నెడితే దిగాలి, కానీ ఊగకూడదు. సుత్తితో కొట్టి దించాల్సి వస్తే పక్క గోడలే దాన్ని పట్టుకుంటాయి, ఒత్తిడి పట్టీ దాకా చేరదు.

పట్టీ మందమెంతో అంత మేర శాడిల్ అడుగును తగ్గించాలి, లేకపోతే తీగలు ఎత్తుగా నిలుస్తాయి. శాడిల్ దగ్గర 1 మిల్లీమీటర్ తగ్గిస్తే 12వ ఫ్రెట్ దగ్గర అర మిల్లీమీటర్ తగ్గుతుంది. ఎక్కువ అరగదీస్తే తీగ శాడిల్ మీద వంగే కోణం పడిపోయి మళ్లీ ఒత్తిడి చాలదు. అన్నీ బిగించాక పూర్తి శ్రుతిలో ఒకరోజు ఉంచి అప్పుడు వినండి. కాగితం ముక్కలు కింద పెట్టి సరిచేసే అలవాటు ఉంది, ఆ తీగ శబ్దం మొద్దుబారుతుంది కాబట్టి మేము చెప్పం.

ప్రశ్న: బతుకమ్మ రోజుల్లో మా బృందం మైదానంలో పాడుతది. పక్కనే డప్పులు. గిటార్ కొంచెం పెంచితే ‘ఊ...’ మని కూత. ఏం చేయాలె?
– పాఠకుడు, మంచిర్యాల

జవాబు: మీది పెద్ద డబ్బా గిటార్ అయితే ఆ ‘ఊ’ చాలావరకు గిటార్ డబ్బాలోని గాలిదే. డ్రెడ్‌నాట్ అనే పెద్ద డబ్బా ఆకారానికి అది 100 హెర్ట్జ్ ప్రాంతంలో పలుకుతుంది. ముందుగా సౌండ్ హోల్‌కు రబ్బరు మూత పెట్టండి. దీంతోనే చాలామందికి సగం బాధ తీరుతుంది. తర్వాత ప్రీఆంప్ మీద లో కట్ (మంద్రాన్ని కోసేది) 80 హెర్ట్జ్ దగ్గర వేయండి. వాల్యూమ్‌ను మెల్లగా కూత మొదలయ్యేదాకా పెంచి, నాచ్ గుండీని తిప్పుతూ కూత ఆగిన చోట వదిలేయండి. ఫేజ్ స్విచ్‌ను అటూ ఇటూ వేసి, ఎటు ఆలస్యంగా కూస్తే అటు ఉంచండి. మానిటర్ బాక్సు సౌండ్ హోల్‌కు ఎదురుగా ఉండకూడదు, మీకు ఓ పక్కగా జరిపించండి.

డప్పు పక్కన లోపలి మైక్ ఉన్న పికప్ వద్దే వద్దు, గిటార్ కంటే డప్పునే ఎక్కువ పంపుతుంది. స్టీల్ తీగలైతే ఇటువంటి చోట మాగ్నెటిక్ పికప్‌కు తిరుగులేదు. చెక్క పలుకు తగ్గుతుంది, కానీ మైదానంలో ఆ నష్టం ఎవరికీ తెలియదు. పీజోతోనే వాయిస్తే 1,500 హెర్ట్జ్ దగ్గర ఓ 3 డెసిబెల్స్ తగ్గించండి, గీకుడు మెత్తబడుతుంది.

ప్రశ్న: పికప్ బ్యాటరీ వారానికే అయిపోతున్నది. స్టేజీ మీద హమ్మింగ్ కూడా. ఇంకా, ఎండాకాలం అంటించిన బిళ్ల ఊడిపోయింది.
– పాఠకుడు, రామగుండం

జవాబు: వాయించడం అయ్యాక కేబుల్ గుచ్చే ఉంచుతున్నారేమో చూడండి. ప్రీఆంప్ ఉన్న గిటార్లలో జాక్ గుచ్చడమే స్విచ్ వేయడం, రాత్రంతా 9 వోల్ట్ల బ్యాటరీ కరుగుతూనే ఉంటుంది. హమ్మింగ్‌కు డీఐ మీది గ్రౌండ్ లిఫ్ట్ (కేబుల్ గ్రౌండ్‌ను విడదీసే స్విచ్) నొక్కండి. మైక్‌సెట్ వాళ్లు ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేస్తామంటే ఒప్పుకోకండి, తీగలు ముట్టుకున్న చేతికి, మైక్‌కు ఆనిన పెదవికి మధ్య కరెంటు పారే ప్రమాదం ఉంది. బిళ్లకు రెండువైపులా అంటుకునే టేపు వాడి ఉంటారు, 40 డిగ్రీలు దాటిన ఎండకు అది మెత్తబడుతుంది. చెక్కను శుభ్రంగా తుడిచి, గట్టిపడే సూపర్ గ్లూ జెల్‌ను పలుచగా రాసి, నిమిషంపాటు నొక్కి పట్టండి. చెక్కకూ బిళ్లకూ మధ్య మెత్తటి పొర లేకపోతే శబ్దం కూడా స్పష్టంగా వస్తుంది. గిటార్‌ను మాత్రం మే నెలలో మూసిన కారులో వదలకండి, బ్రిడ్జ్ జిగురే సాగి లేచిపోతుంది.