పన్నెండు కార్లు కొనబోయే మా అమ్మాయికి

అమ్మా,

నిన్న నువ్వు ఫోను చేసినప్పుడు సగంలో మీ ఆఫీసు కాల్ అడ్డం వచ్చింది. మళ్ళీ చేస్తే మళ్ళీ ఏదో వస్తుంది కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను. శ్రీసిటీలో అంత పెద్ద కంపెనీ పన్నెండు కార్లు కొనే పని నీ నెత్తిన పెట్టిందంటే నాకూ మీ పెద్దమ్మకూ సంతోషమే. కానీ నువ్వు అడిగిన మొదటి మాట, "పెదనాయనా, ఏ మోడల్ బాగుంటుంది?" రేణిగుంట పక్కన ఫ్యాక్టరీలో ఇరవై ఏడేళ్ళు బండ్లు చూసుకున్నవాణ్ణి. మొదట్లో నేనూ అదే అడిగేవాణ్ణి.

ఇంకో నెల దాకా షోరూం గడప తొక్కొద్దు. ముందు ఒక లావుపాటి నోటుబుక్కు కొను. ఇప్పుడు మీరు బాడుగకు తిప్పుతున్న బండ్లు రోజూ ఎక్కడికి పోయి వచ్చాయి, ఎంతమంది ఎక్కారు, ఎన్ని కిలోమీటర్లు తిరిగాయి, ఎంతసేపు ఊరికే నిలబడ్డాయి, అన్నీ రాయించు. ఆ చివరిది మాత్రం మర్చిపోకు. నేను అట్లా రాయించిన నెలలోనే తెలిసింది, మా తొమ్మిది బండ్లలో మూడు పొద్దున స్టాఫును దింపి సాయంత్రం దాకా వేపచెట్టు కింద నిద్రపోతున్నాయని. వాటి ఈఎంఐ మాత్రం నిద్రపోలేదు. నీకు పన్నెండు అవసరమా, ఎనిమిది కొని మిగతా రోజులకు ట్రావెల్స్ బండి పిలిస్తే చాలదా అన్నది ఆ పుస్తకమే చెబుతుంది. ట్రావెల్స్‌తో మాట్లాడేటప్పుడు ఒక్కటి అడుగు: కిలోమీటర్లు వాళ్ళ షెడ్డు నుంచి లెక్కా, మన గేటు నుంచి లెక్కా? నెలాఖరు బిల్లులో పేచీ అక్కడే వస్తుంది.

పెట్రోలా, డీజిలా అన్నదీ ఆ పుస్తకం చూసే తేల్చాలి. నేను చేసిన తప్పు చెబుతాను. బీఎస్6, అంటే కొత్త పొగ నిబంధనల ప్రకారం వచ్చే డీజిల్ బండ్లకు పొగగొట్టం దారిలో మసిని పట్టే ఫిల్టరు ఒకటి ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. పట్టిన మసి కాలిపోవాలంటే బండి కొంతసేపు ఆగకుండా, మంచి వేగంతో పరుగెత్తాలి. మేము కొత్త డీజిల్ బండిని తీసుకెళ్ళి ఊళ్ళో పనులకు పెట్టాం. బ్యాంకు, లీలామహల్ సర్కిల్, కొరియర్ ఆఫీసు, మళ్ళీ ఆఫీసు. కొన్ని నెలలకు డ్యాష్‌బోర్డు మీద లైటు వెలిగింది, బండి లాగడం మానేసింది. డ్రైవర్ని పదిమందిలో తిట్టాను. సర్వీసు సెంటర్లో అసలు సంగతి తెలిశాక అతని ముఖం చూడలేకపోయాను. కాబట్టి చెన్నై ఎయిర్‌పోర్టుకూ బెంగళూరుకూ పరుగెత్తే బండ్లు డీజిల్ అయితే సరే. ఊరు దాటని బండికి పెట్రోలో, సీఎన్‌జీయో చూడు. సీఎన్‌జీ ఖర్చు తక్కువే గానీ డిక్కీలో సగం సిలిండరుకే పోతుంది. అతిథి రెండు పెద్ద సూట్‌కేసులతో దిగితే ఒకటి ఒళ్ళో పెట్టుకోవాలి. పైగా ఆ సిలిండరుకు మూడేళ్ళకోసారి పరీక్ష చేయించాలి.

ఎలక్ట్రిక్ గురించి మీ ఎండీ అడిగారన్నావు. రాత్రిపూట కంపెనీ ఆవరణలోనే ఛార్జింగు పెట్టుకునే వీలుంటే రెండు తీసుకోండి, రోజూ ఒకే దారిలో పోయి వచ్చే బండ్లుగా. అర్ధరాత్రి విమానాలకు మాత్రం వాటిని పంపొద్దు.

అన్నీ ఒకే మోడల్ తీసుకుంటే డిస్కౌంటు ఎక్కువ ఇస్తామంటారు. రెండు మోడళ్ళు చాలు, అంతకు మించితే స్పేరు పార్టులతో తలనొప్పి. రంగు తెలుపే. మన ఎండకు అదే మేలు, గీత పడితే టచప్ కూడా చవక.

లెక్కల వైపు నీకు నాకన్నా బాగా తెలుసు. అయినా షోరూం కుర్రాడు జీఎస్టీ వెనక్కి వస్తుందని చెబితే నమ్మొద్దు. డ్రైవర్‌తో కలిపి 13 మందికి మించని బండిని స్టాఫు కోసం కొంటే ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. ఆర్థిక సంవత్సరంలో 180 రోజులకన్నా తక్కువ వాడితే ఆ ఏడు ఆదాయపన్ను లెక్కలో తగ్గించుకునే తరుగుదల కూడా సగమే వస్తుంది. ఫిబ్రవరిలో తొందరపడి కొనేవాళ్ళు ఇది చూసుకోరు.

స్టాఫులో ఎవరో ఒకరు వస్తారు, "మేడం, నా సొంత కారు కంపెనీకి నెలబాడుగకు పెడతాను" అంటారు. మొహమాటపడొద్దు. వైట్ బోర్డు బండిని బాడుగకు తిప్పడం చట్టానికి విరుద్ధం. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్ళు క్లెయిము పక్కన పడేస్తారు. బాడుగ బండి ఎల్లో బోర్డే కావాలి, దానికి ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, ఉందో లేదో నువ్వే చూడాలి. కొత్త బండికి రెండేళ్ళు, తర్వాత ఎనిమిదో ఏడు దాకా రెండేళ్ళకోసారి, ఆపైన ఏటా. ఫాస్టాగ్ వార్షిక పాసు 2025 ఆగస్టు 15న వచ్చినప్పుడు 3,000 రూపాయలకు 200 సార్లు టోల్ దాటనిచ్చారు. అదీ ఎల్లో బోర్డుకు ఇవ్వరు.

ఇన్సూరెన్సులో జీరో డిప్రిసియేషన్ గురించి, అంటే పార్టుల అరుగుదల కోసుకోకుండా క్లెయిము ఇచ్చే రకం గురించి, ఏజెంటే ఊదరగొడతాడు. అతను చెప్పనిది జీతం తీసుకునే డ్రైవరు కవరు. మేము కట్టినప్పుడు ఒక్కో డ్రైవరుకు ఏడాదికి యాభై రూపాయలు. ఓనర్-డ్రైవర్ పేరుతో ఉండే ప్రమాద బీమా కంపెనీ పేరు మీదున్న బండికి వర్తించదు, కంపెనీ స్టీరింగు పట్టలేదు కదా. బండి నడిపేవాడి కోసం ఆ యాభై మర్చిపోవద్దు.

ఇక డ్రైవర్లు. నా ఇరవై ఏడేళ్ళలో ఇరవై ఏళ్ళు వీళ్ళతోనే గడిచాయి.

ఒకసారి డీజిల్ బిల్లు నా టేబుల్ మీదికి వచ్చింది, 52 లీటర్లని. ఆ బండి ట్యాంకు 37 లీటర్లది. మిగతా పదిహేను లీటర్లు బాటిళ్ళలో పోశారా అని అడిగితే మనిషి తల వంచుకున్నాడు. తీసేద్దామనే అనుకున్నాను. అయితే పాత ఫైళ్ళు తిరగేస్తే నాలుగేళ్ళుగా వాళ్ళ బత్తా ఒక్క రూపాయి పెరగలేదు. చెన్నైలో రాత్రి భోజనానికి కూడా చాలని డబ్బు చేతిలో పెట్టి, నిజాయితీగా ఉండమంటున్నాను. బత్తా పెంచాం, ఫ్యూయల్ కార్డులు పెట్టాం. ప్రతిసారీ ట్యాంకు నిండా కొట్టించి మీటరు రాయడం మొదలుపెట్టాం. ట్యాంకు నుంచి ట్యాంకుకు లెక్క వేస్తే మైలేజీ తెలిసిపోతుంది. ఒక్క నెల తగ్గితే దొంగతనమనుకోకు, ముందు టైర్లలో గాలి చూడు.

రెండోది చెప్పడం కష్టం. ఒక రాత్రి అతిథిని చెన్నై ఎయిర్‌పోర్టులో దింపమని ఒక డ్రైవర్ని పంపాను. అర్ధరాత్రి దాటాక బయల్దేరి తిరిగి వస్తున్నాడు. పొద్దున ఆరింటికి ఇంకో అతిథిని తిరుమలకు తీసుకెళ్ళమని కూడా అతనికే చెప్పాను, వేరే మనిషి సెలవులో ఉన్నాడని. తెల్లవారుజామున పుత్తూరు దగ్గర ఆగివున్న లారీని వెనకనుంచి గుద్దాడు. కాలు విరిగింది, ప్రాణం దక్కింది. పోలీసులు కాగితంలో డ్రైవరు అజాగ్రత్త అని రాసుకున్నారు. ట్రిప్ షీటు మీద సంతకం నాది. ఆ తర్వాత రాత్రి పదకొండు దాటాక బండి అక్కడే ఆగేది, డ్రైవరుకు గది కంపెనీ ఖర్చే. మీ ఎండీ ఆ ఖర్చు ఎందుకంటే ఇది చదివి వినిపించు.

మన దగ్గర కంపెనీ కారు అంటే సగం దర్శనం కారే అని నీకు తెలుసు. ఢిల్లీ నుంచి వచ్చినా, జపాన్ నుంచి వచ్చినా మీటింగు అయ్యాక తిరుమల కొండకే. 1974లో వేసిన రోడ్డులో ఎక్కి, 1944 నాటి పాత రోడ్డులో దిగడం. కింద నుంచి పైకి 28 నిమిషాలకన్నా ముందు, పై నుంచి కిందికి 40 నిమిషాలకన్నా ముందు చేరితే జరిమానా. అందుకే దిగేటప్పుడు తొందర అక్కర్లేదు. కొత్త డ్రైవర్లు బ్రేకు మీద కాలు పెట్టుకుని దిగుతారు, సగం దారిలో బ్రేకులు వేడెక్కి పట్టు పోతుంది. ఎక్కిన గేరులోనే దిగాలి. ఎలక్ట్రిక్ బండి అయితే దిగేటప్పుడు తనే కొంత ఛార్జి అవుతుంది, కానీ కొండమీద బ్యాటరీ ఫుల్లుగా ఉంటే ఆ పట్టు దొరకదు. ఇది డ్రైవర్లకు ముందే చెప్పి పంపు. అలిపిరిలో చెకింగు ఉంటుంది కాబట్టి బయల్దేరే ముందే డ్యాష్‌బోర్డు అరలో సిగరెట్ పెట్టెలు, మందు సీసాలు లేకుండా చూడమను. ముందు రోజు ఎక్కినవాళ్ళు ఏం వదిలి దిగారో మనకు తెలియదు.

పాత బండి అమ్మేటప్పుడు డబ్బు చేతికి రాగానే తాళాలు ఇచ్చేయొద్దు. కొన్నవాడు ఆర్‌సీ తన పేరుకు మార్చుకునే దాకా వెంటపడు. నేను అమ్మిన ఏపీ 03 బండి ఒకటి రెండేళ్ళ తర్వాత ఎక్కడో ఎవరినో గుద్దితే నోటీసు మా ఆఫీసుకే వచ్చింది. వకీలుకు ఇచ్చింది బండి అమ్మిన లాభం కన్నా ఎక్కువే.

డ్రైవర్లను తీసుకునే రోజు నాకు ఫోను చెయ్యి. లైసెన్సులు నువ్వు చూసుకో. నేను ఒక్కొక్కరి పక్కన కూర్చుని భాకరాపేట ఘాట్ దాకా పోయి వస్తాను. జీతమేమీ వద్దు, దారిలో టీ ఇప్పిస్తే చాలు.

నీ
పెదనాయన