ఇంటర్వెల్‌లోనూ క్లాసులోనే కూర్చోబెడుతున్నారు, బడి మార్చాలా?

ప్రశ్న: మా బాబు ఐదో తరగతి. ఆటిజం ఉంది, లెక్కల్లో చురుకు. గోల ఎక్కువైతే చెవులు మూసుకుంటాడని, ఒకసారి తోటి పిల్లవాణ్ణి తోశాడని ఇంటర్వెల్‌లోనూ ఆటల పీరియడ్‌లోనూ క్లాసులోనే ఉంచి వర్క్‌షీట్లు చేయిస్తున్నారు. కనీసం లెక్కలైనా ముందుకు వెళ్తున్నాయని ఊరుకున్నాము. ఆరో తరగతికి షాడో టీచర్‌ను (క్లాసులో బాబు పక్కనే ఉండి సాయపడే మనిషిని) అనుమతించే ఇంటర్నేషనల్ స్కూల్ మంచిదా, ఐఐటీ ఫౌండేషన్ ఉన్న బడి మంచిదా? – ఒక తల్లి, మియాపూర్

సమాధానం: అమ్మా, అడ్మిషన్ల కాలం వచ్చిందంటే ఈ ప్రశ్న నాకు ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. పైకి బడి గురించి అడిగినా, తల్లిదండ్రుల మనసులో ఉన్నది తమ తరువాత బిడ్డ ఎలా బతుకుతాడన్న దిగులే కనుక ముందు దాని గురించే చెబుతాను. మీ బాబుకు దారులు మూసుకుపోలేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన వైకల్యాలలో ఆటిజం ఒకటి. వైకల్యం 40 శాతానికి తగ్గదని ధ్రువీకరణ ఉన్నవారికి ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థలలో కనీసం 5 శాతం సీట్లను, ప్రభుత్వ ఉద్యోగాలలో 4 శాతం పోస్టులను ఆ చట్టం కేటాయించింది. సర్టిఫికెట్ తీసుకుంటే ముద్ర పడుతుందని వెనుకాడకండి.

అయితే నా దగ్గరకు వచ్చిన ఇటువంటి యువకులలో ఉద్యోగం వదులుకున్నవారు పని చేతకాక వదులుకోలేదు. భోజన సమయంలో ఎవరి పక్కన కూర్చోవాలో, గోల భరించలేనప్పుడు ఎవరితో ఏమని చెప్పాలో తెలియక ఇంటికి వచ్చేశారు. అవి నేర్చుకోవలసిన సమయాన్నే మీ బడి తీసివేస్తున్నది, మీరేమో దానిని అదనపు ట్యూషన్‌గా భావించి ఊరుకున్నారు. కఠినంగా ఉన్నా చెప్పక తప్పదు: అందరూ ఆడుకుంటుండగా తన బిడ్డ ఒక్కడే గదిలో ఉండటానికి తల్లి ఒప్పుకున్నాక టీచర్‌ను తప్పుపట్టి లాభం లేదు.

ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రైవేటు బడి కూడా ఇతర పిల్లలతో సమానంగా ఆటపాటల అవకాశం ఇవ్వాలని, పిల్లవాడి అవసరాన్ని బట్టి తగిన సర్దుబాట్లు చేయాలని ఆ చట్టంలోని 16వ సెక్షన్ కోరుతున్నది. మీరు అడగవలసినవి ఖరీదైనవి కావు. గంట కొట్టడానికి ఐదు నిమిషాల ముందు బాబుకు చెప్పడం, రద్దీకి ముందే బయటకు పంపడం, ఇద్దరు ముగ్గురు పిల్లలతో వంతుల వారీగా సాగే క్యారమ్స్ వంటి ఆట మొదలుపెట్టించడం, శబ్దం భరించలేనప్పుడు తానే వెళ్ళి కూర్చోగల ఒక మూల చూపించడం చాలు. తోసిన రోజున అంతకు ముందు ఏం జరిగిందో రాసిపెట్టమని కూడా అడగండి. పిల్లలు కారణం లేకుండా తోయరు. (గ్రౌండే లేని అపార్ట్‌మెంటు బడులు మన నగరంలో తక్కువేమీ కాదు, అక్కడ టెర్రస్ అయినా సరే.)

షాడో టీచర్ విషయంలో నాకు గట్టి అనుమానాలున్నాయి. కొంతమంది పిల్లలకు కొంతకాలం అవసరమే, కాదనను. కానీ రోజంతా పక్కనే ఒక పెద్ద మనిషి ఉంటే తోటి పిల్లలు దగ్గరకు రారు, వచ్చినా ఆమెతో మాట్లాడి వెళ్ళిపోతారు. బాబు కూడా ఏది కావాలన్నా ఆమె వైపే చూడటానికి అలవాటు పడతాడు. పైగా చాలాచోట్ల ఆ జీతం తల్లిదండ్రులదే, ఆమెకు శిక్షణ ఉందో లేదో అడిగేవారుండరు. భారత పునరావాస మండలిలో నమోదైన స్పెషల్ ఎడ్యుకేటర్, అంటే ఇటువంటి పిల్లలకు నేర్పడంలో శిక్షణ పొందిన టీచర్, బడిలో ఉన్నారా అని ముందు విచారించండి. ఆమె ఆట నేర్పి పక్కకు తప్పుకోగలగాలి. ఇక ఫౌండేషన్ సంగతి తొమ్మిదో తరగతిలో చూద్దాం.

సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న, మేధో వైకల్యం గలవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ (నేటి పేరు నీపిడ్) ఇటువంటి పిల్లల అవసరాలను అంచనా వేస్తుంది. వారి సలహా కూడా తీసుకుని, పైన చెప్పిన సర్దుబాట్లు కోరుతూ హెడ్ మిస్ట్రెస్‌కు లిఖితపూర్వకంగా ఇవ్వండి. ఒక టర్మ్ గడిచాక కూడా వారు కదలకపోతే అప్పుడు బడి మార్చే మాట ఆలోచించవచ్చు. ఈలోగా ఆ వర్క్‌షీట్లు మాత్రం రేపటి నుంచే ఆపించండి.