లాలాజలం పట్టే ముందు లైటు ఆర్పు

మాధవీ,

నిద్ర క్లినిక్‌లో చేరావని, వచ్చే వారం నుంచి మెలటోనిన్ (రాత్రి పూట ఒంట్లో పెరిగే నిద్ర హార్మోను) చూడటానికి లాలాజలం శాంపిల్స్ నువ్వే తీయాలని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. "అత్తయ్యా, ఏ ట్యూబు, ఎన్ని మిల్లీలీటర్లు?" అని నువ్వు పెట్టిన మెసేజ్ కూడా చూశాను. అవన్నీ కిట్‌తో వచ్చే కాగితంలో ఉంటాయి. కాగితంలో ఉండనివి నేను రాస్తాను. ముప్పై ఏళ్లు బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో చేశాను కదా, వాటిలో సగం తప్పులు చేసి నేర్చుకున్నవే.

ముందు నేను చేసిన పెద్ద తప్పు చెబుతాను. ఇంజినీరింగ్ రెండో ఏడు చదివే కుర్రాడొకడు వచ్చాడు. తెల్లవారుజామున నాలుగైతే గానీ నిద్ర పట్టదు, మధ్యాహ్నం అయితే గానీ లేవడు. ఇంట్లో రోజూ గొడవే, ఫోన్ పిచ్చి అని వాళ్లమ్మ కోపం. అప్పట్లో మేం వచ్చినవాళ్లందరికీ సాయంత్రం ఆరు నుంచి రాత్రి పదకొండు దాకానే లాలాజలం తీసేవాళ్లం. కారణం ఏమీ లేదు, పదకొండుకి నా డ్యూటీ అయిపోతుంది. అతని ట్యూబులన్నీ మిల్లీలీటరుకి ఒకటి, ఒకటిన్నర పికోగ్రాముల దగ్గరే ఆగిపోయాయి. పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు. "మెలటోనిన్ తక్కువ" అని రిపోర్టు వెళ్లిపోయింది. ఆరు నెలల తర్వాత వేరే డాక్టరు మళ్లీ రాశారు. ఈసారి రాత్రి పది నుంచి తెల్లవారి ఐదు దాకా వాళ్లింట్లోనే పట్టించాం. ఒంటిగంటన్నరకి గ్రాఫులో గీత నిటారుగా లేచింది! హార్మోనుకి లోటేమీ లేదు, అది వచ్చే వేళకి మేమే దుకాణం కట్టేశాం.

అందుకే మొదట అడగాల్సింది వయసు కాదు, "రోజూ ఎన్నింటికి నిద్రపోతావు?" అని. ఆ వేళకి ఐదారు గంటల ముందు మొదలుపెట్టి, అది దాటాక ఇంకో గంట దాకా, అరగంటకొక శాంపిల్ తియ్యి. చాలామందిలో నిద్రకి రెండు మూడు గంటల ముందు మెలటోనిన్ పెరగడం మొదలవుతుంది. డాక్టరుకి కావాల్సింది ఆ మొదలయ్యే సమయం. కనీసం ఒక వారం, వీలైతే రెండు వారాల నిద్ర డైరీ పక్కన పెట్టుకుని చూస్తేనే దానికి అర్థం ఉంటుంది.

ఎవరైనా "నిద్ర పట్టట్లేదు, పొద్దున్నే రక్తంలో మెలటోనిన్ చూడండి" అని చీటీ పంపితే, ఒకసారి డాక్టరుకి ఫోన్ చెయ్యి. పగలు ఎవరి రక్తంలోనైనా అది మిల్లీలీటరుకి పది పికోగ్రాముల లోపే ఉంటుంది. రాత్రి రెండు నుంచి నాలుగు మధ్య బాగా పెరుగుతుంది గానీ, ఎంత అన్నది మనిషికీ మనిషికీ ఎన్నో రెట్లు తేడా. ఒక్క అంకె చూసి తక్కువ, ఎక్కువ అనే పరీక్ష కాదిది.

ఇక వెలుతురు. 1980లో ఆల్ఫ్రెడ్ లూయీ బృందం 2500 లక్స్ (వెలుతురుకి కొలత) వెలుతురు పెడితే రాత్రి మెలటోనిన్ పడిపోతుందని చూపించింది. మామూలు గది లైటు కూడా చాలునని తర్వాత తేలింది. నాకది పేపరు చదివితే కాదు, మా అటెండరు వల్ల తెలిసింది. తొమ్మిదింటికి మంచినీళ్ల జగ్గు కోసం వచ్చి ట్యూబ్‌లైటు వేశాడు. ఆర్పడం మర్చిపోయి వెళ్లాడు. తొమ్మిదిన్నర శాంపిల్ ఎనిమిదిన్నర దానికంటే తక్కువొచ్చింది. ఆ రాత్రంతా వృథా. గదిలో వెలుతురు పది లక్స్ లోపు ఉండాలి. లక్స్ మీటరు బల్లమీద పెట్టకు, పేషెంటు కళ్ల ఎత్తులో పట్టి చూడు. స్విచ్ మీద ప్లాస్టర్ అంటించు. ఫోన్, టీవీ ఉండకూడదు. ఆరుకే మొదలుపెడితే కిటికీలకి దుప్పటి కట్టాల్సి వస్తుంది. బాత్రూమ్‌లో బల్బు సంగతి అందరూ మర్చిపోతారు, అక్కడా జీరో వాట్ బల్బే పెట్టు.

ఆ సాయంత్రం కాఫీ, టీ, చాక్లెట్, అరటిపండు వద్దు. శాంపిల్‌కి అరగంట ముందు నుంచి ఏమీ తినకూడదు. పావుగంట ముందు వట్టి నీళ్లతో పుక్కిలించాలి, తర్వాత కదలకుండా కూర్చోవాలి. పళ్లు తోమనివ్వకు. చిగురు నుంచి ఒక చుక్క రక్తం కలిసినా అంకె తప్పుతుంది, ఎందుకంటే లాలాజలంలో ఉండేది రక్తంలో ఉన్నదానిలో దాదాపు మూడో వంతే. లాలాజలం పట్టడానికి నోట్లో పెట్టిన దూది ఎర్రగా కనిపిస్తే మొహమాటపడకుండా పారేసి మళ్లీ తియ్యి.

మందుల గురించి గుచ్చి గుచ్చి అడుగు. మైగ్రేన్‌కి ప్రొప్రనలాల్ వేసుకునేవాళ్లు అది "బీపీ మందు కాదులే" అని చెప్పరు. ప్రొప్రనలాల్ లాంటి బీటా బ్లాకర్లు, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు మెలటోనిన్‌ని తగ్గిస్తాయి, డిప్రెషన్ మందు ఫ్లూవాక్సమిన్ పెంచుతుంది. ఆపమని మాత్రం నువ్వు చెప్పకు, అది డాక్టరు పని. మెలటోనిన్ మాత్రే వేసుకుని వచ్చేవాళ్లూ ఉంటారు! వాళ్ల గీత మాత్ర గురించే చెబుతుంది, మనిషి గురించి కాదు.

ఉమ్మలేని పిల్లలకి మూత్రంలో 6-సల్ఫటాక్సీమెలటోనిన్ చూస్తారు. అది మెలటోనిన్ నుంచి కాలేయంలో తయారయ్యేది, మూత్రంలోనే ఉండే క్రియాటినిన్‌తో కలిపి లెక్కకట్టాలి. పొద్దున్నే ఒక్కసారి పట్టిన మూత్రం రాత్రంతా ఎంత తయారైందో చెబుతుంది, ఎప్పుడు మొదలైందో చెప్పదు.

మెలటోనిన్ మొదలైన వేళ లెక్క సులువే. పదింటికి రెండు, పదిన్నరకి ఐదు వచ్చిందనుకో. పెరగడం మొదలైందని మీ ల్యాబ్ పెట్టుకున్న హద్దు గీత మూడైతే, పదీ పది నిమిషాలకి దాటినట్టు. కాబట్టి ట్యూబు మీద షెడ్యూలులో ఉన్న టైము కాదు, దూది నోట్లోంచి తీసిన టైము రాయి. ఇరవై నిమిషాలు ఆలస్యమైతే ఆలస్యమైనట్టే రాయి, నిన్నెవరూ తిట్టరు.

మొదటి రాత్రికి ఫ్లాస్కులో కాఫీ తీసుకెళ్లు, నీకే, పేషెంటుకి వాసన కూడా తగలనివ్వకు. గ్రాఫు గీశాక ఫోటో పంపు. ట్యూబుల మీద టైములు కనిపించేలా తియ్యి.

మీ అత్తయ్య