సరస్సు అవతలే కదా అనుకోకు తమ్ముడూ

కెనడా ఉత్తరాన ఎల్లోనైఫ్‌లో ఉద్యోగం వచ్చిందన్నావు, సంతోషం. గ్రేట్ స్లేవ్ లేక్ అవతలి ఒడ్డున హే రివర్ ఊళ్లో ఇల్లు తీసుకుని, వారానికోసారి వచ్చిపోతానన్నావే, అక్కడే నవ్వొచ్చింది. 2010లో వచ్చినప్పుడు నేనూ అచ్చం ఇలాంటి లెక్కలే వేశాను.

మాది కైకలూరు దగ్గర. కొల్లేటి అవతలి ఊరంటే దోనెక్కి పోవడమే. అదే బుర్రతో గ్రేట్ స్లేవ్ లేక్ మ్యాప్ చూశాను. స్కేలు పెట్టి కొలిస్తే 200 కిలోమీటర్లు. రోడ్డేమో సరస్సు పడమటి కొస చుట్టి, మెకంజీ నది దాటించి, 480 దాకా తిప్పుతుంది. పెట్రోలు ఖర్చు నువ్వే చూసుకో.

అసలు దెబ్బ మరుసటేడు, చలికాలం పోతుండగా తగిలింది. అప్పటికి ఫోర్ట్ ప్రావిడెన్స్ దగ్గర నది మీద వంతెన లేదు. వేసవిలో ఫెర్రీ, చలికాలంలో గడ్డకట్టిన నదే రోడ్డు. పాత డైనింగ్ టేబుల్ చవగ్గా వస్తోందని హే రివర్ వెళ్లాను. దాన్ని కారు మీద కట్టుకుని నది దగ్గరికొచ్చేసరికి మంచు రోడ్డు మూసేశారు. ఫెర్రీ మొదలవ్వాలంటే ఇంకా వారాలు పడుతుందట! కారూ టేబులూ అక్కడే వదిలి విమానం ఎక్కాను. ఆ టికెట్ డబ్బుతో కొత్త టేబుల్, నాలుగు కుర్చీలతో సహా వచ్చేది. ఇంటికొస్తే పాలూ కూరగాయలూ కూడా గాల్లోనే రావాలి. టమాటా ధర చూసి, ఆ నెలంతా చింతపండు చారుతో నెట్టుకొచ్చాను.

2012 నవంబరులో అక్కడ నది మీద డే చో బ్రిడ్జి తెరిచారు. మీకా తిప్పలు లేవు, అదృష్టవంతులు.

కానీ నీళ్ల తీరు మారలేదుగా. కొల్లేటికి బుడమేరు, తమ్మిలేరు వచ్చినట్టు ఈ సరస్సుకి దక్షిణం నుంచి స్లేవ్ నది, హే నది వస్తాయి. మన ఉప్పుటేరులాగా మెకంజీ బయటికి తీసుకుపోతుంది, కాకపోతే 1,700 కిలోమీటర్ల పైచిలుకు ఉత్తరానికి, ఆర్కిటిక్ సముద్రం దాకా. వేసవి ముందు ఎగువన, దక్షిణంలో వస్తుంది. అక్కడ పగిలిన మంచు పలకలు కొట్టుకొచ్చేసరికి దిగువన ఇంకా గడ్డే. అవి ఇరుక్కుంటే వెనక నీళ్లు ఊళ్లో పడతాయి. 2022 మేలో హే నది ఒడ్డునున్న హే రివర్ ఊరంతా ఖాళీ చేయించింది ఇందుకే. ఇల్లు చవగ్గా వస్తోందంటే, ఏరు ఎంత దూరమో, ఇన్సూరెన్సు ఎంతో ముందు అడుగు.

ఎల్లోనైఫ్ నుంచి దగ్గర్లోని డెట్టా అనే ఊరికి సరస్సు మీద మంచు రోడ్డు ఇప్పటికీ వేస్తారు. దాని మీద బరువు పరిమితీ అవీ ప్రభుత్వ సైటులో ఉంటాయి, చూసుకో.

మొదటి నెల మా ఇంట్లో ఉండు. బియ్యం బస్తాలు మాత్రం ఎడ్మంటన్‌లోనే కొని కారులో వేసుకురా. ఆ టేబుల్ మీదే తింటాం, ఒక కాలు కాస్త ఊగుతుందంతే.