టీబీ పనికి డబ్బులిచ్చే ముందు

తమ్ముడూ,

ప్రైవేటు డాక్టర్ల దగ్గరికి వెళ్లే టీబీ పేషెంట్ల కోసం పనిచేసే చిన్న సంస్థలకు మీ ట్రస్టు డబ్బులివ్వబోతోందని విని చాలా సంతోషమేసింది. దగ్గు పట్టుకుంటే మనవాళ్లు ముందు వెళ్లేది మందుల షాపుకో ఆర్‌ఎంపీ దగ్గరికో, తగ్గకపోతే టౌన్లో క్లినిక్కుకో కదా, సర్కారు ఆసుపత్రి గుర్తొచ్చేసరికి చేతిలో డబ్బు, ఒంట్లో ఓపిక రెండూ అయిపోయుంటాయి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. టీబీ కేసులు నమోదు చేసే ప్రభుత్వ వెబ్‌సైటు నిక్షయ్‌లో ఎన్ని కేసులు ఎక్కించారన్న లెక్క చూసి సంస్థను ఎంచుకోకు. ప్రైవేటు డాక్టర్లు టీబీ కేసు తెలియజేయడం 2012 నుంచి తప్పనిసరి, తెలియజేస్తే 500 రూపాయలు, చికిత్స ఫలితం కూడా రాస్తే ఇంకో 500 ప్రభుత్వమే ఇస్తుంది. కేసు ఎక్కించడం కాసేపటి పని. రెండో నెలకల్లా దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, 'నాకు బాగైపోయింది' అని మందులు ఆపేసే మనిషి ఇంటికి మళ్లీ మళ్లీ వెళ్లి ఆరు నెలలూ మింగించడమే అసలు కష్టం. నీ డబ్బు ఆ తిరిగే మనిషి జీతానికి, పెట్రోలుకు పోవాలి.

ఆ జీతం ముందే ఇవ్వు. ఫలితాలు చూపిస్తే బిల్లు ఇస్తాం అంటే పెద్ద సంస్థలు తట్టుకుంటాయేమో గానీ, మండలంలో నలుగురితో నడిచే సంస్థ అప్పు తెచ్చి జీతాలివ్వాలి, రెండు నెలలు ఆలస్యమైతే కుర్రాళ్లు వేరే ఉద్యోగం చూసుకుంటారు, వాళ్లతోపాటే పేషెంట్ల నమ్మకమూ పోతుంది.

డాక్టర్ల సంగతి. వాళ్ల భయం ఒక్కటే, పేషెంటు చేజారిపోతాడని. మీ పేషెంటు మీ దగ్గరే ఉంటాడు, ప్రభుత్వ మందులు ఉచితంగా మేం తెచ్చిస్తాం, గళ్ల (కఫం) మేమే తీసుకెళ్లి ట్రూనాట్ అనే టీబీ పరీక్ష చేయించి రిపోర్టు మీకే ఇస్తాం అని చెప్పి, చెప్పినట్టు చేసి చూపించాలి. ఇదేం కొత్త కాదు, హైదరాబాద్‌లో మహావీర్ ఆసుపత్రి 1995లోనే చుట్టుపక్కల ప్రైవేటు డాక్టర్లను కలుపుకుని ఈ పని మొదలుపెట్టింది. కాంపౌండరుతో స్నేహం కూడా ముఖ్యం, రిజిస్టరు ఉండేది ఆయన చేతిలోనే.

సంతకం పెట్టే ముందు ఆఫీసులో పవర్‌పాయింట్ చూసి వచ్చేయకు. పేషెంట్ల రిజిస్టరు తెప్పించి, ఎవరు ఎప్పుడు మందులు ఆపారో, ఆపాక ఎవరు వెళ్లారో అడుగు. ఇంట్లో పిల్లలకు, మిగతావాళ్లకు పరీక్షలు చేయించారా చూడు. 2024 నవంబరు నుంచి పేషెంటుకు పోషణ కోసం ప్రభుత్వం నుంచి నెలకు 1000 రూపాయలు వస్తున్నాయి, ప్రైవేటు పేషెంటుకూ వస్తాయి, కానీ బ్యాంకు ఖాతా దగ్గరే ఆగిపోతుంటాయి. పేషెంటును వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళ్లే సంస్థ దొరికితే వదలకు.

ఇంకోటి, ట్రస్టు పేరున్న జాకెట్లు, స్టిక్కర్లు వేసిన బండ్లు వద్దు. పెళ్లికావాల్సిన అమ్మాయి ఉన్న ఇంటి ముందు టీబీ అని రాసున్న బండి ఆగితే వీధి మొత్తానికి తెలిసిపోతుంది, మర్నాటి నుంచి ఆ ఇంటివాళ్లు ఫోన్ ఎత్తరు.

ఒప్పందం రాశాక ఒకసారి నాకు పంపు. ముఖ్యంగా మీ డబ్బు ఆగిపోయే నెలలో చికిత్స మధ్యలో ఉన్నవాళ్లను ఎవరికి అప్పగిస్తారో అందులో రాయించు, చాలా ఒప్పందాల్లో ఆ పేరా ఉండదు.

అన్నయ్య