ఫార్ములా వచ్చు, లెక్కే తప్పుతోంది

ప్రశ్న: పన్నెండో తరగతి చదువుతున్నాను. డేటా సైన్స్ చదవాలని ఉంది. షరతుతో కూడిన సంభావ్యత (ఒకటి జరిగిందని తెలిసినప్పుడు ఇంకోటి జరిగే అవకాశం ఎంత అనేది) లెక్కలు మాత్రం సగం తప్పుతున్నాయి. ఫార్ములా నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఆ కోర్సు ఆశ వదులుకోవాల్సిందేనా సార్?

జవాబు: వదులుకోవద్దు. అలాగని ఈ ఒక్క చాప్టరే కదా, వదిలేస్తే పోలా అనుకోవద్దు. డేటా సైన్స్‌లోనే కాదు, బీమా రంగంలో నష్టభయాన్ని లెక్కగట్టే యాక్చువరీలకూ, వైద్య పరిశోధనల్లో గణాంకాలు చూసేవాళ్లకూ దీంతో నిత్యం పని ఉంటుంది.

ఇదే బాధతో నా దగ్గరికొచ్చే పిల్లల్లో ఎక్కువమంది తప్పేది లెక్క చేయడంలో కాదు, ప్రశ్న చదవడంలో. తెలిసినదేదో, అడిగినదేదో తారుమారు చేసేస్తారు. రెండు పాచికలు వేశాం. మొత్తం 8 అని తెలిస్తే, ఒకదాని మీద 3 ఉండే సంభావ్యత ఎంత? మొత్తం 8 అయ్యేవి (2,6), (3,5), (4,4), (5,3), (6,2). రెండు పాచికలకు వచ్చే 36 జతల్లో ఇక మిగతా 31 కొట్టెయ్. ఈ ఐదింటిలో 3 ఉన్నవి రెండు కాబట్టి 2/5. ఇప్పుడు తిప్పి అడుగుతాను: కనీసం ఒక పాచిక మీద 3 పడిందని తెలిస్తే, మొత్తం 8 అయ్యే సంభావ్యత? 3 ఉన్న జతలు 11. (12 అనుకున్నావా? (3,3)ని రెండుసార్లు లెక్కపెట్టి ఉంటావు.) జవాబు 2/11. పైన 2 అలాగే ఉంది, హారం మారింది. నీ పాత నోట్సు తీసి చూడు, చాలా తప్పులు ఆ హారం దగ్గరే దొరుకుతాయి.

ఇలా షరతును తిప్పి లెక్కకట్టే బేయీ సిద్ధాంతం అనగానే టెన్షన్ పడేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: శాతాలు పక్కన పెట్టి మనుషుల్ని లెక్కపెట్టు. వెయ్యిమందిలో 10 మందికి జబ్బుంది. పరీక్ష జబ్బున్నవాళ్లలో 90 శాతం మందిని పట్టుకుంటుంది, లేనివాళ్లలో 10 శాతం మందికి కూడా ఉందని పొరపాటుగా చెబుతుంది. అంటే నిజంగా పట్టుబడేది 9 మంది, ఉత్తపుణ్యానికి పట్టుబడేది 99 మంది. పాజిటివ్ వచ్చిన 108 మందిలో జబ్బున్నవాళ్లు 9 మందే, అంటే పన్నెండు మందిలో ఒకరు. దీనికి 90 శాతం అని రాసేసిన పెద్దవాళ్లనూ చూశాను.

‘లో’ అనే చిన్న ప్రత్యయం దగ్గర జాగ్రత్త. ‘అమ్మాయిల్లో 30 శాతం మందికి కళ్లద్దాలున్నాయి’ అంటే అక్కడ షరతు దాగి ఉంది, హారంలో అమ్మాయిలే ఉంటారు. ‘తరగతిలో 30 శాతం మంది కళ్లద్దాలున్న అమ్మాయిలు’ అంటే అది ఛేదనం, అంటే రెండూ కలిసి ఉన్నవాళ్లు; హారంలో తరగతి మొత్తం ఉంటుంది. రెండు వారాలు ఫార్ములా జోలికి పోకుండా, ప్రతి లెక్కలో తెలిసిన ముక్క కింద గీత గీసి, ఆ తర్వాతే పెన్ను కదుపు.