తొంభై వేల కోర్సు కంటే ముందు మీ దుకాణం లెక్కలు

ప్రశ్న: మాది హిందూపురం. ఎరువులు, విత్తనాల దుకాణం నడుపుతున్నాను. మా అమ్మాయి బీకాం చదివి, రెండేళ్లుగా బెంగళూరు పీణ్యలో ఒక విడిభాగాల కంపెనీలో ఎంఐఎస్ (కంపెనీ రిపోర్టులు తయారుచేసే) ఎగ్జిక్యూటివ్‌గా చేస్తోంది. రోజంతా ఎక్సెల్ పనే, ఎదుగూ బొదుగూ లేదంటోంది. ఉద్యోగం మానేసి మారతహళ్లిలో డేటా సైన్స్ కోర్సులో చేరతానంటోంది. ఫీజు 90 వేలు. కట్టమంటారా?

జవాబు: ఇప్పుడు కట్టకండి. ఉద్యోగం అసలే మాననివ్వకండి. డేటా వైపు వెళ్లాలన్న అమ్మాయి ఆలోచన మంచిదే, దాన్ని కాదనడం లేదు. అయితే ఆ దారిలో సగం దూరం తను ఇప్పటికే నడిచేసింది. మిగతా సగానికి కావలసిన సామాను తను రోజూ తెరిచే ఎక్సెల్‌లోనే ఉంది. నా దగ్గరికి వచ్చే ఎంఐఎస్ పిల్లల్లో ఎక్కువమంది దాన్ని ఒక్కసారి కూడా ముట్టుకోనివారే.

బెంగళూరు దర్శిని హోటళ్లు మీరు చూసే ఉంటారు. వంటగది వాళ్లదే, ప్లేటు మాత్రం మనమే వెళ్లి తెచ్చుకోవాలి. కంపెనీల్లో ‘సెల్ఫ్ సర్వీస్’ విశ్లేషణ అనేది ఇలాంటిదే. లోపలి డేటాబేస్ ఐటీ వాళ్ల చేతిలో ఉంటుంది. ఒకప్పుడు కొత్త రిపోర్టు కావాలంటే వాళ్లకు అర్జీ పెట్టుకుని వారాలు ఎదురుచూడాల్సి వచ్చేది. 2010లో మైక్రోసాఫ్ట్ పవర్ పివట్ అనే యాడ్-ఇన్‌ను (పట్టికలను కలిపి లెక్కలు తీసే అదనపు పరికరాన్ని) ఎక్సెల్‌కు ఉచితంగా ఇచ్చింది. 2013లో ఫైళ్ల నుంచి డేటా తెచ్చి శుభ్రం చేసే పవర్ క్వెరీ వచ్చింది. ఎక్సెల్ 2016 నుంచి అది డేటా ట్యాబ్‌లోనే కలిసిపోయి ఉంటోంది. ఈ రెండూ చేతిలో ఉన్న అకౌంట్స్ మనిషి ఐటీ గుమ్మం దగ్గర నిలబడనక్కర్లేదు.

ఈ సలహాల పనిలోకి రాకముందు నేనూ ఒక డిస్ట్రిబ్యూటర్ దగ్గర మీ అమ్మాయి చేసే పనే చేశాను. బ్రాంచీల ఫైళ్లు కాపీ చేసి అతికించడం, వీలుకప్ (ఒక పట్టికలోంచి ఇంకోదానికి అంకెలు వెతికి తెచ్చే ఫార్ములా) కొట్టడం, పివట్ (మొత్తాల పట్టిక) వేసి మెయిల్ పెట్టడం. ఒక నెల ఓ బ్రాంచి వాళ్లు తమ ఫైలు మధ్యలో కొత్త కాలమ్ ఒకటి చేర్చారు. నా వీలుకప్ పక్క కాలమ్ అంకెలు లాక్కొచ్చింది. ఆ అంకెలతోనే సేల్స్ కుర్రాళ్ల ఇన్సెంటివ్ లెక్కగట్టారు, కొందరికి డబ్బు తక్కువ పడింది. వాళ్లలో ఒకతను నా టేబుల్ దగ్గరికొచ్చి ‘ఎక్కడ తప్పు జరిగిందన్నా’ అని మెల్లగా అడిగాడు. ఆ మాట నాకిప్పటికీ గుర్తుంది. అందుకే ఈ విషయంలో ఇంత పట్టుదలగా రాస్తున్నాను.

ఇక్కడి నుంచి అమ్మాయితోనే మాట్లాడతాను.

అమ్మా, ముందు పవర్ క్వెరీ పట్టు. బ్రాంచి ఫైళ్లన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టి, గెట్ డేటాలో ‘ఫ్రమ్ ఫోల్డర్’ ఎంచుకో. అక్కర్లేని వరుసలు తీసేయడం, తేదీలు సరిచేయడం, అడ్డంగా పరచిన నెలల కాలమ్‌లను ‘అన్‌పివట్’తో నిలువుగా మార్చడం, ఇవన్నీ ఒక్కసారి చేస్తే చాలు. ప్రతి అడుగూ కుడివైపు ‘అప్లైడ్ స్టెప్స్’లో నమోదవుతుంది. వచ్చే నెల కొత్త ఫైలు ఫోల్డర్‌లో పడేసి రిఫ్రెష్ నొక్కడమే. ఇది కాలమ్‌ను వరుస నంబరుతో కాక పేరుతో గుర్తుపడుతుంది కాబట్టి నాకు జరిగిన పొరపాటు నీకు జరగదు. ఎవరైనా ఆ పేరే మార్చేస్తే ఎర్రర్ రావచ్చు, లేదా ఆ ఫైలు వరకు ఆ కాలమ్ ఖాళీగా రావచ్చు, కాబట్టి రిఫ్రెష్ అయ్యాక ఖాళీలున్నాయేమో చూసుకో. ఒక్క జాగ్రత్త: 05/04 అన్నది మనకు ఏప్రిల్ 5, అమెరికా సెట్టింగ్ ఉన్న కంప్యూటర్‌కు మే 4. కాలమ్ రకం మార్చేటప్పుడు ‘యూజింగ్ లొకేల్’ వాడు.

మీ అకౌంట్స్ వాళ్లకు కొనుగోలు రిజిస్టర్‌ను జీఎస్టీఆర్-2బీతో (అమ్మినవాళ్లు చూపిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్ ఇచ్చే నెలవారీ పట్టికతో) సరిపోల్చే పని ప్రతి నెలా ఉంటుంది. అడిగి ఆ పని తీసుకో. రెండు పట్టికల్లోనూ 15 అక్షరాల జీఎస్టీఐఎన్‌ను (జీఎస్టీ నమోదు నంబరును), బిల్లు నంబరును టెక్స్ట్‌గా ఉంచు, లేకపోతే నంబరు ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. రిజిస్టర్‌ను మొదట, 2బీని తర్వాత పెట్టి ‘లెఫ్ట్ యాంటీ’ రకంలో మెర్జ్ చేస్తే, మన పుస్తకంలో ఉండి 2బీలో కనిపించని బిల్లులే మిగులుతాయి. బిల్లు నంబరు రాసే తీరు తేడా ఉన్నవి కూడా అందులో చేరతాయి కాబట్టి ఒకసారి కంటితో చూడు. మేనేజరుకు నీ విలువ తెలిసేది ఇలాంటి పనితోనే.

తర్వాత పవర్ పివట్. ఫైల్, ఆప్షన్స్, యాడ్-ఇన్స్‌కు వెళ్లి, కింద మేనేజ్ దగ్గర కామ్ యాడ్-ఇన్స్ తెరిచి టిక్ పెట్టాలి. మ్యాక్‌లో ఇది లేదు. ల్యాప్‌టాప్ కొనే ఆలోచన ఉంటే విండోస్‌దే తీసుకో. ఎక్సెల్ షీట్‌లో 10,48,576 వరుసలకు మించి పట్టవు. పవర్ పివట్ తన పట్టికలను ఉంచే డేటా మోడల్‌కు ఆ హద్దు లేదు, కాలమ్ కాలమ్‌గా కుదించి దాచుకుంటుంది. కానీ నేర్చుకోవాల్సింది ఆ సైజు గొప్ప కాదు. బిల్లుల పట్టిక మధ్యలో, డీలర్లు, సరుకులు, తేదీల మాస్టర్ జాబితాలు చుట్టూ పెట్టి సంబంధాలు కలపడం నేర్చుకో. బిల్లులు రోజువారీవి, టార్గెట్లు నెలవారీవి. ఆ రెంటినీ ఒకే రిపోర్టులో ఎలా నిలబెట్టాలో తెలిసినవాళ్లనే కంపెనీలు అనలిస్టులంటాయి. రేపు పవర్ బీఐకి (మైక్రోసాఫ్ట్ వారి రిపోర్టుల సాఫ్ట్‌వేర్‌కు) వెళ్లినా ఇదే మోడల్, ఇదే డాక్స్ ఫార్ములా. డాక్స్ అంటే పవర్ పివట్‌లో లెక్కలు రాసే ఫార్ములా భాష.

డాక్స్‌లో ఒక్క లెక్క చెబుతాను. ఒక బ్రాంచి అమ్మకం లక్ష, లాభం 10 వేలు. ఇంకో బ్రాంచి అమ్మకం 10 వేలు, లాభం 3 వేలు. శాతాలు 10, 30. రెంటికీ సగటు తీసి 20 శాతం లాభమని రాసేవాళ్లు ఎందరో. మొత్తం లాభాన్ని మొత్తం అమ్మకంతో భాగిస్తే వచ్చేది 11.8 శాతమే. మెజర్ (డాక్స్‌లో రాసే లెక్క) రాసేటప్పుడు మొత్తాలను భాగించడం అలవాటు చేసుకో. అలాగే ఏడాది మొదలు లెక్క కట్టే ఫార్ములాకు మన ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుందని చెప్పకపోతే అది జనవరి నుంచి కూడేస్తుంది.

పవర్ క్వెరీ, పవర్ పివట్ చేతికొచ్చాక ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష), ఆ తర్వాత పవర్ బీఐ. పైథాన్ ప్రోగ్రామింగ్‌కు తొందర లేదు. ఆరు నెలల తర్వాత కూడా కోర్సు కావాలనిపిస్తే అప్పుడు చేరు. ఈలోగా ఇన్‌స్టిట్యూట్ వాళ్లను రెండు క్లాసులు కూర్చోనివ్వమని అడుగు. డబ్బు కట్టాకే లోపలికి అంటే వెనక్కొచ్చేయ్.

ఇంటర్వ్యూలో చూపడానికి ఏదో ఒక పని చేతిలో ఉండాలి. కంపెనీ ఫైళ్లు మాత్రం ఇంటికి తేకూడదు, స్నేహితులకు చూపడం కూడా తప్పే. అందుకే మళ్లీ నాన్నగారి దగ్గరికే వస్తున్నాను.

అయ్యా, మీ దుకాణంలో అరువు ఖాతాలుంటాయి కదా. ఏ పల్లె బాకీ ఎన్నాళ్లుగా ఆగింది, వేరుశనగ విత్తే రోజుల్లో ఏ ఎరువు ఎన్ని బస్తాలు పోయింది, ఏ సరుకు గోడౌన్‌లో పడి మూలుగుతోంది, ఈ ప్రశ్నలు మీకు నోటికి తెలిసినవే. అమ్మాయి ఎక్సెల్‌లో తెచ్చే జవాబు సరైనదో కాదో చెప్పగల పరీక్షాధికారి మీకంటే ఎవరూ దొరకరు. బిల్లులు ట్యాలీలో ఉంటే మూడేళ్లవి ఎక్సెల్‌కు ఎగుమతి చేయించండి. పుస్తకాల్లోనే ఉంటే ఒక్క సీజన్‌వి కూర్చుని టైపు చేయించండి, అదీ చాలు. రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు తీసేసి ఖాతా నంబరు, పల్లె పేరు మాత్రం ఉంచండి. వచ్చే ఆదివారం అమ్మాయి రైలు దిగేసరికి ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌లో సిద్ధంగా పెట్టి, మొదటి ప్రశ్న మీరే అడగండి: 90 రోజులు దాటిన బాకీ ఎంత, అందులో ఏ పల్లెది ఎక్కువ?